ముట్టుకున్న చెయ్యి

మనిషి ప్రాణం డాక్టరు చేతిలో ఉంటుందా, దేవుడి చేతిలో ఉంటుందా అన్న సందేహం హైమవతిని ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచీ వదల్లేదు. వాళ్ళ నాన్న తునిలో అప్పలస్వామి అనే డాక్టరు ఆపరేషన్ బల్ల మీద పోయాడు. "రాత అలా ఉంది" అంది నాయనమ్మ. "వాడి హస్తవాసి మంచిది కాదు" అన్నాడు బాబాయి. రాతే అయితే బాబాయి మనుషుల్ని పోగేసి, శవాన్ని ఆసుపత్రి గేటు ముందు పడుకోబెట్టి, కిటికీ అద్దాలు ఎందుకు పగలగొట్టించాడు? చెయ్యే అయితే పెద్దకర్మ అవగానే నాయనమ్మ మళ్ళీ దేవుడికి దీపం ఎందుకు పెట్టింది? రోజూ పూజ చేసుకుని లేచేటప్పుడు హైమవతి ఈ ప్రశ్నను కూడా పటం ముందు పెట్టి లేచేది. ఆయన జవాబు చెప్పలేదు. చివరికి చదువుకుని, ఆమే ఒక యంత్రం చేసింది.

దానికి కాగితాల మీద ఏదో పెద్ద పేరు ఉంది గానీ, రాష్ట్రమంతా కంకణం అనే పిలిచేది. డాక్టరు కుడి మణికట్టుకి ఉండే సన్నని వెండిరంగు పట్టీ అది. దానికి జోడీగా రోగి చేతికి ఒక దారం కట్టేవారు. డాక్టరు వేళ్ళు రోగిని మొదటిసారి తాకగానే రెండూ మేలుకునేవి. ఆ కేసు తేలేదాకా కంకణం వింటూనే ఉండేది. నాడి, నెత్తురు, ఊపిరి, కత్తి పట్టిన వేళ్ళ వణుకు, నోటి మాట, అన్నీ విశాఖపట్నంలో ఒకప్పటి ఐసు ఫ్యాక్టరీ షెడ్డులో ఉన్న హైమవతి ప్రయోగశాలకి చేరేవి.

ఆ కార్తీకమాసంలో ఒక పొద్దున ప్రయోగశాలలో పనిచేసే ఫణీంద్ర తెర మీద ఒక కేసు పెట్టాడు.

"కోటనందూరు లోవరాజు కేసు మేడం. ట్రాక్టరు తిరగబడి మీద పడింది. వచ్చేవారం విచారణ. యంత్రం సరిగ్గా కొలిచిందని మీరు చెప్పాలి."

తెర మీద మూడు గీతలు నడిచాయి. ఏ డాక్టరూ ముట్టుకోకపోతే లోవరాజు ఒళ్ళు ఎటు పోయేదో ఎర్రది చెప్పేది. మంచి చెయ్యి పడితే ఎటు పోయేదో నీలంది చెప్పేది. తెల్లది నిజంగా జరిగినది. ఎర్ర గీత కాసేపటికే కూలిపోయింది. నీలం గీత తడబడి, నిలదొక్కుకుని, సాగిపోయింది. తెల్ల గీత కొంత దూరం నీలం పక్కనే నడిచి, ఉన్నట్టుండి విడిపోయి నేలకి దిగింది. నీలానికీ తెలుపుకీ మధ్య ఉన్న ఖాళీ డాక్టరు చేతి వాటా. మిగిలింది రోగం వాటా.

"మళ్ళీ అప్పలస్వామి గారే," అన్నాడు ఫణీంద్ర. "ఆయనకి కంకణం కాదు మేడం, సంకెళ్ళు వెయ్యాలి. ఈసారి కోసేస్తారు."

కంకణం కోసేస్తే ఇక ఆ డాక్టరు ఎవరినీ ముట్టుకోకూడదు. హైమవతి తెల్ల గీతనే చూస్తూ ఉండిపోయింది. ఆ పేరు వచ్చినప్పుడల్లా ఆమె మనసులో ఒక మూల చిన్న తృప్తి కలిగేది. బాబాయి అన్నమాటే నిజమన్నమాట. అలా కలిగినందుకు సాయంత్రం దీపం దగ్గర సిగ్గుపడేది.

ఈ కంకణం మీదే జోడు చట్టం నిలబడి ఉంది. మొదటి చట్టం ప్రకారం ఏ ఆసుపత్రిలోనైనా, ఎంత పెద్ద వైద్యమైనా, ఎవరికైనా ఉచితం. రెండో చట్టం ప్రకారం వైద్యంలో పొరపాటు జరిగిందంటే కోర్టులు లేవు, వకీళ్ళు లేరు, గేటు ముందు శవంతో బేరాలు లేవు. కంకణం చెప్పిందే తీర్పు. చేతి వాటా తేలితే బాధితులకి పరిహారం వెంటనే అందుతుంది. చట్టం వచ్చాక ఆసుపత్రుల కిటికీ అద్దాలు పగలడం ఆగిపోయింది. పుస్తెలమ్మి కాన్పులు చేయించుకోవడం ఆగిపోయింది. ఇంకొకటి కూడా ఆగిపోయింది. కంకణం మాటలు కూడా వింటుంది కనక, "అయ్యో, ఇక్కడ పొరపాటు పడ్డాను" అని డాక్టరు నోరు జారితే అదీ చేతి వాటాలో పడుతుంది. అందుకని డాక్టర్లు రోగి మనుషులతో మాట్లాడడం మానేశారు. మనిషి పోతే తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయేవారు.

తూకం రాళ్ళకి ఏటా ముద్ర వేసినట్టు, నీలం గీతకి ఆధారమైన కంకణాన్ని కూడా ఏటా సరిచూడాలి. నీలం గీత అంటే నర్సీపట్నం డాక్టర్ పినాకపాణి గారి చెయ్యి. ఉత్తరాంధ్ర అంతటా ఆయన హస్తవాసికి పెట్టింది పేరు. ఆయన ముట్టుకుంటే చచ్చినవాడు లేచి కూర్చుంటాడని చెప్పుకునేవారు. ప్రమాణంగా ఒక చెయ్యి కావలసి వచ్చినప్పుడు ప్రభుత్వం రెండో ఆలోచన లేకుండా ఆ చేతినే ఎంచుకుంది. ఆయన కంకణం నుంచి మూడేళ్ళపాటు వచ్చిన కొలతలతో హైమవతి నీలం గీత గీసింది.

ఆ పని మీదే ఆమె నర్సీపట్నం వెళ్ళి, ఆయన నర్సింగ్ హోము వరండాలో బెంచీ మీద కూర్చుంది. ఇంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. లోపల ఒక ఆడమనిషి ఒళ్ళంతా చెమటతో, తల వాల్చేసి ఉంది. పినాకపాణి గారు స్వయంగా మెట్లు దిగి వచ్చారు. పంచెకట్టు, నుదుట విభూతి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నడుము వంచి, ఆటోలోకి తొంగిచూశారు. ఆమె గోళ్ళు చూశారు, కళ్ళు చూశారు.

"తునికి తీసుకెళ్ళండి నాయనా. అప్పలస్వామి గారు చూస్తారు. ఆలస్యం చెయ్యకండి."

ఆమె భర్త దణ్ణం పెట్టి ఆటో ఎక్కాడు. ఆటో వెళ్ళిపోయింది.

"చూశారా మేడం, మా బాబుగారు ఎంత పెద్దమనిషో!" అంది పక్కన నిలబడ్డ నర్సు. "పేదోళ్ళ దగ్గరైనా చేతులు కట్టుకునే మాట్లాడతారు."

ఆ భంగిమ హైమవతి ఎరుగును. ఇంటర్మీడియట్ రోజుల్లో ఇదే వరండాలో, అద్దె కారు వెనక సీట్లో నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు, ఇదే మనిషి ఇలాగే చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూసి, తునికి వెళ్ళమన్నాడు.

లోపల గదిలో ఆయన కంకణం విప్పి బల్ల మీద పెట్టారు.

"ఆవిణ్ణి ముట్టుకోలేదేం డాక్టరు గారూ?"

"ముట్టుకుంటే నాదవుతుంది తల్లీ."

"ఆవిడ దారం కొలతలు ఎలా ఉండేవో..."

"నీ దారం కొలతలు బాగానే ఉండేవి," అన్నారాయన నెమ్మదిగా. "నాడి ఉంది, ఊపిరి ఉంది. అలాంటివాళ్ళు పదిమంది వస్తే నీ యంత్రానికి పదిమందీ ఒకటే. కానీ అందులో ఎవరు నిలబడతారో, ఎవరు నిలబడరో నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. గోరు కింద రంగు, ముక్కుపుటం అదిరే తీరు. అది నీ దారానికి పట్టుబడదు, నా కంటికి పట్టుబడుతుంది."

"నిలబడనివాళ్ళని తుని పంపిస్తారు."

"అప్పలస్వామి ఎవరినీ కాదనడు. చూడ్డానికి మొరటుగా ఉంటాడు గానీ, ధర్మాత్ముడు."

హైమవతికి అంతా అర్థమయింది. బియ్యంలో రాళ్ళు ఏరి పక్కింటివాళ్ళ చేటలో పోసి, మా బియ్యంలో రాయన్నదే ఉండదు అన్నట్టుంది. ఆ బియ్యాన్నే రాష్ట్రానికంతా కొలబద్ద చేసింది తను. కంకణం అబద్ధం చెప్పలేదు. తాకినప్పటి నుంచీ జరిగిందంతా నిజమే చెప్పింది. తాకకముందు జరిగింది దానికి తెలియదు.

"మీకు తెలిసే జరుగుతోందా ఇదంతా?"

ఆయన కంకణాన్ని బల్ల మీద పక్కకి జరిపారు. "నేనూ మొదట్లో అందరినీ ముట్టుకున్నవాణ్ణే. ఇదే గేటు ముందు శవాన్ని పడుకోబెట్టారు. పెళ్ళాం పిల్లల్ని మందుల గదిలో పెట్టి తాళం వేసుకుని, తెల్లవార్లూ తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. ఆ తర్వాత చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి. నేను కట్టుకోలేదు. నీ కంకణం వచ్చి వాటికి పతకం వేసింది, అంతే."

ఆమె విశాఖపట్నం తిరిగి వచ్చి ఆరోగ్యశాఖ కార్యదర్శి ఉమాపతి గారికి అంతా చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. శ్రద్ధగా విన్నాడు. విన్నకొద్దీ ఆయన ముఖం నల్లబడింది.

"హైమవతి గారూ, ఈ మాట ఇంకెవరితోనైనా అన్నారా?"

"లేదండీ."

"డాక్టర్లు కోర్టుల బెడద లేకపోతేనే ఉచితంగా చూస్తామన్నారు. జనం గట్టి తీర్పు ఉంటేనే కోర్టులు వదులుకుంటామన్నారు. రెండు ఎద్దులు, వాటి మీద కాడి మీ కంకణం. ఇప్పుడు నీలం గీత తప్పు అంటే, ఇన్నాళ్ళు ఇచ్చిన తీర్పులన్నీ తప్పే. అందరూ హైకోర్టుకి పోతారు. ప్రైవేటు ఆసుపత్రులు ఆ మర్నాడే తప్పుకుంటాయి. మా అక్క కాన్పుకి ఇంట్లో ఆవుని అమ్మారండీ. ఆ రోజులు మళ్ళీ వస్తాయి."

"మరి అందరినీ ముట్టుకునే మనిషి గతేమిటండీ?"

"ఆయన ఒక్కడు," అన్నాడు ఉమాపతి. తరవాత తనే తల దించుకున్నాడు. "గుమ్మం నుంచి లెక్కపెట్టే పద్ధతి తయారుచెయ్యండి. వచ్చే సవరణలో పెట్టిద్దాం. కానీ సోమవారం విచారణ పాత పద్ధతిలోనే జరగాలి."

నిజం చెబితే లక్షల ఇళ్ళలో పొయ్యి ఆరుతుంది. చెప్పకపోతే ఒక మనిషి చెయ్యి ఆగిపోతుంది. ఆ చెయ్యి ఆగితే, గుమ్మం నుంచి తిరిగిపోయేవాళ్ళని ఇక ఎవరు ముట్టుకుంటారు? ఎటు అడుగు వేద్దామన్నా అడుసే.

ఆ రోజు ఉపవాసం. సాయంత్రం పెరట్లో తులసి దగ్గర దీపాలు పెట్టి, చుక్క పొడిచేదాకా అమ్మ సుందరమ్మ, హైమవతి అరుగు మీద కూర్చున్నారు. భర్త శేషగిరి ఉపవాసాల మనిషి కాదు. అటుకులు నములుతూ వచ్చి కూర్చున్నాడు.

"ఏమోయ్, ముఖం అలా ఉంది? దేవుడి మీద వేసిన దావా ఓడిపోయావా?"

"ఎప్పుడూ అదే ఎకసెక్కం. దేవుడి మీద నేనెందుకు వేస్తానండీ?"

"నీ యంత్రం చేసేది అదేగా! ఇంత డాక్టరు వాటా, ఇంత దేవుడి వాటా అని పంచుతోంది. అన్నదమ్ముల మధ్య పొలం పంచినా ఇంత నిక్కచ్చిగా పంచరు."

ఆమె నవ్వలేదు. జరిగింది చెప్పింది. శేషగిరి చేతిలో అటుకులు చేతిలోనే ఉండిపోయాయి. సుందరమ్మ మాత్రం దీపం వత్తి సవరిస్తూ, చాలాకాలంగా నోటి చివర ఉన్న మాట లాగా అంది:

"ఆ తుని డాక్టరు ఆ రోజు వరండాలోకి వచ్చి, 'ఒక్కసారి కూర్చోండమ్మా, ఏం జరిగిందో చెప్తాను' అన్నాడే. చొక్కా నిండా నెత్తురు. మీ బాబాయి చెప్పనిస్తేగా! కాలరు పట్టుకున్నాడు. మళ్ళీ అడిగాడు, 'మీరైనా వినండమ్మా' అని నాకేసి చూసి. నేను కొంగు నోట్లో కుక్కుకుని వచ్చేశాను."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేమ్మా?"

"ఏం చెప్పను? వినకుండా వచ్చేశానని చెప్పనా?"

చుక్క పొడిచింది. ముగ్గురిలో ఎవరూ లేవలేదు.

సోమవారం విచారణ. హాలు బయట నడవలో ఒక చిన్న వయసు ఆడమనిషి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మెడ బోసిగా ఉంది, చేతులు బోసిగా ఉన్నాయి. లోవరాజు భార్య లోవకుమారి. హైమవతిని చూసి గబుక్కున లేచింది.

"మేడంగోరూ, మీరు మిసను తప్పంటే నాకు రావలసింది రాదంట గదా. మా ఆయన పోయింతర్వాత పిల్లల్ని మా అత్తోరింటి కాడ వదిలేసి జీడిపిక్కల పనికి పోతన్నానమ్మా. నాను సెడ్డదాన్ని కాను. ఆ డాట్రుబాబుని ఏటీ అన్నేదు. ఏటి జరిగిందో సెప్పండి బాబూ అనే అడిగేను. బుర్ర ఒంచుకుని ఎల్లిపోనాడు."

"ముందు ఎక్కడికి తీసుకెళ్ళారమ్మా లోవరాజుని?"

"నర్సీపట్నం. అక్కడ పెద్ద డాట్రుగోరు సూసేరు."

"ముట్టుకున్నారా?"

లోవకుమారి ఆలోచించింది. "నేదమ్మా. సేతులెనక్కెట్టుకుని ఒంగి సూసేరు."

హైమవతి లోపలికి వెళ్ళింది. పెద్ద బల్ల వెనక మధ్యలో ఉమాపతి, ఇరుపక్కలా ఇద్దరు డాక్టర్లు. ఎదురుగా ఒక కుర్చీలో అప్పలస్వామి. నలుపూ తెలుపూ కలిసిన గరుకు గడ్డం, మడత పోయిన చొక్కా. ఆమెను ఆయన గుర్తుపట్టలేదు.

"యంత్రం సరిగ్గా కొలిచిందా?" అని అడిగాడు ఉమాపతి.

ఆమె మనసులో ఇష్టదైవాన్ని తలుచుకుంది. "తాకిన క్షణం నుంచి సరిగ్గానే కొలిచింది. తాకకముందు ఏం జరిగిందో అది కొలవలేదు. నీలం గీత గీసింది నేను. మంచి చెయ్యి అనుకుని గీశాను. అది ఏరుకున్న చెయ్యి. నిలబడరనుకున్నవాళ్ళని గుమ్మంలోనే వదిలేసి, నిలబడేవాళ్ళనే తాకిన చెయ్యి. దానితో పోలిస్తే, అందరినీ తాకే ఏ చెయ్యైనా చెడ్డదిగానే కనబడుతుంది. ఈ కేసులో డాక్టరు గారి వాటా ఎంతో నా యంత్రం చెప్పలేదు. చెప్పాలంటే గుమ్మం నుంచే లెక్కపెట్టాలి, ఆ పద్ధతి తయారుచేస్తాను."

ఉమాపతి నుదురు రుద్దుకున్నాడు. బల్ల వెనక ఉన్న డాక్టరు ఒకాయన, "అయితే పరిహారం ఇవ్వడానికి వీల్లేదు. అన్ని తీర్పులూ నిలిపివెయ్యాలి," అన్నాడు.

తలుపు దగ్గర లోవకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అప్పలస్వామి కుర్చీలోంచి లేచాడు. గొంతు గట్టిగా, ఊరివాళ్ళ గొంతులా ఉంది. "బాబూ, నన్ను మాట్లాడమంటారా?"

"కంకణం వింటోంది, జాగ్రత్త," అన్నాడు ఉమాపతి.

"విననియ్యండి. ఇన్నేళ్ళు దానికి భయపడి అందరికీ వీపు చూపించేను. లోవరాజు కేసులో నా పొరపాటు ఉంది. ఎంతో ఈ మేడంగారి మిషనుకి తెలీకపోవచ్చు, నాకు తెలుసు. పిల్ల పరిహారం ఆపకండి. తీర్పులేవీ ఆపకండి. ఆపితే రేపు మా తునిలో బీదోళ్ళని గుమ్మం దాకా కూడా ఎవరూ రానియ్యరు. ఇది కోసేయండి." మణికట్టు చాచాడు. "గుమ్మం నుంచి లెక్క పెడతానంటన్నారు గదా ఆవిడ. అది మాత్రం మరిచిపోకండి."

"వద్దండీ," అంది హైమవతి. డాక్టరు తన నోటితోనే ఒప్పుకున్నాక యంత్రం గురించిన సాక్ష్యం అక్కరలేదు. ఆమె చెప్పిన నిజాన్ని ఆయన తన నిజంతో కప్పేశాడు. తను పన్నిన వలలోంచి ఆయనని తప్పిద్దామని వస్తే, ఆయన వెళ్ళి అందులోనే కూర్చున్నాడు, లోవకుమారిని బయటికి తోసి.

గుమాస్తా చిన్న పటకారు తెచ్చాడు. టక్కుమని చప్పుడయింది. లోవకుమారి చూడలేక ముఖం తిప్పుకుంది. చేతికున్న గాజులు తీసేస్తే ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు.

హైమవతి చెప్పినదాన్ని రికార్డులో ఎక్కించమన్నాడు ఉమాపతి. సవరణ సంగతి ప్రభుత్వానికి నివేదిస్తామన్నాడు. ఎప్పుడని ఆమె అడిగింది. ఆయన కాగితాలు సర్దుకుని లేచాడు.

బయట క్యాంటీను దగ్గర సిమెంటు బెంచీ మీద అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు. మణికట్టు మీద కంకణం ఉన్నచోట తెల్లగా గీతలా ఉంది. లోవకుమారి పక్కనే నేల మీద కూర్చుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి వింటోంది. ఆయన ఆమె భర్తకి ఏమేం జరిగిందో ఒక్కటీ వదలకుండా చెబుతున్నాడు. ఆమె మధ్యమధ్య అడుగుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ అడుగుతోంది. చివరికి లేచి, కళ్ళు తుడుచుకుని, "ఎల్లొస్తాను బాబూ. ఇప్పుడు నిద్ర పడతది," అని వెళ్ళిపోయింది.

హైమవతి దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరు గారూ, నేను నర్సీపట్నం పంతులు కామరాజు గారి అమ్మాయిని. మా నాన్నగారు మీ బల్ల మీదే పోయారు. మీరు చెప్తానంటే మావాళ్ళు కూర్చోలేదు. ఆ బాకీ ఉండిపోయింది."

ఆయన ఆమె ముఖం చూశాడు. "కడుపులో నెత్తురు. సైకిలు మీంచి పడ్డారు," అన్నాడు. "పంతులుగారు."

ఆమె బెంచీ మీద కూర్చుంది. "చెప్పండి."

"రెండు చోట్ల కారతంది తల్లీ. ఒకటి కట్టేను. రెండోది కాలేయం వెనకాల. కనపడలేదంటే అబద్ధం. వెతకలేదు. బయట మీ బాబాయి కేకలు. చెయ్యి తొందరపడింది. వెతికుంటే బతికేవారేమో. దారిలోనే సగం నెత్తురు పోయింది, బతక్కపోదురు కూడా. ఎన్నిసార్లు లెక్కేసుకున్నా తేల్లేదు."

హైమవతి దేవుడి ముందు రోజూ పెట్టి లేచిన ప్రశ్న ఎదురుగా, గరుకు గడ్డంతో కూర్చుని ఉంది. దానికీ జవాబు తెలియదు.

"మత్తివ్వక ముందు కాస్త తెలివొచ్చింది," అన్నాడు అప్పలస్వామి. "మంచినీళ్ళు అడిగేరు. ఇవ్వకూడదు. దూది తడిపి పెదాలకి అద్దేను. 'పిల్లకి రేపు లెక్కల పరీక్ష. దాన్ని బయట కూర్చోబెట్టకండి, ఎవరింట్లోనైనా కూర్చుని చదువుకోమనండి' అన్నారు. అది చెబుదామనే బయటికొచ్చేను."

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఆగింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకా ఏమన్నారండీ?"

ఆయన ఇంకా ఏదో చెప్పాడు. నాన్న చేతికి ఉన్న రాగి కడియం గురించి, చివర్లో నాన్న పట్టుకున్న తన వేలి గురించి. క్యాంటీను వాళ్ళు రేకు తలుపు దించారు. ఆయన చెప్పడం అయ్యేదాకా హైమవతి అక్కడినుంచి లేవలేదు.